బాణం గుర్తు

నలభై రెండేళ్లు చెట్ల తోలు ఒలిచాను
అలెంటేజు కొండవాలులో,
జూన్ ఎండల్లో, బిరడా చెట్ల మీదెక్కి.
గొడ్డలి ఎంత లోతు దిగాలో
చేతికి తెలిసేది, నాకు కాదు.
వెంట్రుకవాసి ఎక్కువైతే లోపలి పొర చిట్లుతుంది,
ఆ మేర ఇక బెరడు పుట్టదు.
ఆ పొరని మా పోర్చుగీసులో అమ్మ అంటాం.
అందుకే మేస్త్రీ ఫౌస్తీనో
ముందు చెట్టు అమ్మని తలచుకుని బాధపడి
తర్వాత మా అమ్మల్ని తిట్టేవాడు.

ఇప్పుడు లెక్క తిరగబడింది.
పదమూడేళ్లుగా పొద్దున్నే, రొట్టె తిన్నాక,
ఒక తెల్ల మాత్ర.
ఊపిరితిత్తులు నా మాట వింటున్నాయంటే దాని దయే.
వడ్డీ కింద చర్మం తీసుకుంటోంది.
ముంజేతులు చూడండి:
ఉల్లిపొర కింద ఎవరో
ఎర్ర ద్రాక్షసారా ఒలకబోసి
తుడవడం మరిచారు.

ఏది కోస్తుందో చెప్పలేను.
మంచం మూల. చొక్కా గుండీ.
దిండు గలీబు జిప్పు.
పిల్లి ప్రేమ.
ఒకసారి పింఛను ఆఫీసు కవరు అంచు,
లోపలి వార్తకన్నా ఆ కోతే నయం.

మంచం కోళ్లకి నీటిగొట్టాల స్పాంజి చుట్టాను.
పాత మేజోళ్ల పాదాలు కత్తిరించి
మోచేతుల దాకా తొడుగుతాను.
కార్నవాల్‌కి ముందే వేషం కట్టావా
అంటాడు కాఫీ కొట్టు అదెరీతో.
చేతి గడియారం జేబులోకి మారింది.
రాత్రుళ్లు వెన్నలాంటి క్రీము,
రుద్దకూడదు, వెంట్రుకలు వాలిన వైపే నిమరాలి
బెదురు గాడిదని మచ్చిక చేసినట్టు.
ఇన్ని చేశాక కూడా
ఒక మంగళవారం, బస్సు మెట్టు.

కాలు తడబడింది. వెనకనుంచి ఎవరో
పడిపోకుండా నా చెయ్యి పట్టుకున్నారు.
గట్టి పట్టు, మనసున్న పట్టు.
నేను పడలేదు.
నా చర్మం మాత్రం ఆమె వేళ్లతో వెళ్లింది,
తడిసిన సిగరెట్టు కాగితంలా.
దోనా లియోకాదియా ఏడుపు ఆగలేదు.
బస్సంతా నన్ను వదిలేసి
ఆమెకి మంచినీళ్లు పట్టింది.
"ఏం చేశాన్నేను" అంటుంది.
"పడుంటే తుంటి పోయేది, తల్లీ" అంటాను
నెత్తురు మెట్టు మీద చుక్కలు పెడుతుంటే.

నర్సు జుల్మీరా కత్తెర తీయలేదు.
ఊడిన పొరని పారేయలేదు.
ఉప్పునీళ్లతో కడిగి, తడి దూదిపుల్లతో
ముడుచుకున్న అంచుని మెల్లగా
దాని చోటికి దొర్లించింది.
సరిగ్గా సరిపోలేదు, ఒక మూల కొరత.
"ఉన్నంత మేర కప్పుదాం" అంది.
పుండుకి అంటుకోని మెత్తటి కట్టు వేసి
పైన నల్ల పెన్నుతో బాణం గీసింది,
పక్కన తేదీ.
బాణమెందుకమ్మా?
"ఇటునుంచి అటే విప్పాలి.
ఎదురు లాగితే అతికింది మళ్లీ లేస్తుంది."

నాకు నవ్వొచ్చింది. ఆమెకి అర్థం కాలేదు.
మేమూ రాసేవాళ్లం,
ఒలిచిన ప్రతి మాను మీదా తెల్ల రంగుతో
ఆ ఏడాది చివరి అంకె:
తొమ్మిదేళ్లు ఎవరూ ముట్టొద్దని.
ఎర్రగా, బట్టల్లేని మనుషుల్లా నిలబడేవి చెట్లు,
మా నిచ్చెనలు వెళ్లిపోయేదాకా.
నేను వెనక్కి చూసిన గుర్తు లేదు.

మాత్ర మానేస్తానని డాక్టరుతో అన్నాను ఆ వారమే.
ఉన్నట్టుండి మానితే చర్మం మిగులుతుంది,
నువ్వు మిగలవు, అన్నాడు.
పిసరంత పిసరంత తగ్గిద్దాం, నెలలు పడుతుంది.
తొమ్మిదేసి ఏళ్లు ఆగినవాడికి
నెలలొక లెక్కా అన్నాను గానీ,
అది నిజం కాదు.

ఆదివారం లియోకాదియా ఎదురైంది.
చేతులు వెనక్కి దాచుకుంది, దొంగలా.
ఇటు తే అన్నాను. అరచెయ్యి చాపించి
దాని మీద నా ముంజెయ్యి వాల్చాను,
మేజోడుతో సహా.
పట్టుకోకు. కింద ఉండనీ, చాలు.
అలాగే వీధి దాటాం,
మొదటిసారి గొడ్డలెత్తిన కుర్రాడిలా
ఆమె ఊపిరి బిగబట్టి.
అవతలి గట్టున అడిగింది:
"ఇప్పుడు వేళ్లు మూయనా?"

ఇంకా వద్దు, అన్నాను.